ఊపిరితో ఆడు ఆటలు

జ్వరము వచ్చిన పిల్లవానికి మందు చేదైనను, దానిని మింగినచో రెండు దినములలో ఒడలు చల్లబడునను ఆశ వానికిని తల్లికిని ఊరట గూర్చును. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధితో పుట్టిన పిల్లలకు అట్టి ఊరట లేదు. వారు ఉదయమొకసారి, సాయంకాలమొకసారి, ఇంచుమించు అరగంటసేపు నోట ఒక చిన్న పరికరమునుంచుకొని, కొలత ప్రకారము ఊపిరి విడుచుచు, దగ్గుచు, రొమ్ములోని కఫమును వెడలించుకొనవలయును. నేడు చేసినందువలన నేడే కానవచ్చు లాభము లేదు. నేడు మానినందువలన నేడే కానవచ్చు నష్టమును లేదు. ఏండ్ల తరువాత రాబోవు కీడును తప్పించుటకై ఇప్పటి ఆటను విడిచి రమ్మని ఆరేండ్ల బాలుని ఒప్పించుట ఎట్లు? పెద్దలు బతిమాలి, బెదరించి, తుదకు విసిగి, పిల్లలు మొండికెత్తి, ఈ అరగంట అనేక గృహములలో నిత్యకలహముగా పరిణమించుచున్నది. ఈ చిక్కునకు ఆటయందే పరిష్కారమును వెదకినవారి కృషి మన తలిదండ్రులును తెలిసికొనదగినది.

ఈ వ్యాధిని 1938లో న్యూయార్కు నగరమున డొరొతీ ఆండర్సన్ అను వైద్యురాలు, మరణించిన శిశువుల దేహములను పరీక్షించి, క్లోమగ్రంథి చెడుటయు ఊపిరితిత్తులు చెడుటయు ఒకే రోగమునకు చెందినవని గ్రహించి, ప్రత్యేకముగా వర్ణించెను. 1948 వేసవిలో అదే నగరమున ఎండలు మెండుగా కాసినప్పుడు, వడదెబ్బ తగిలి ఆసుపత్రికి వచ్చిన పిల్లలలో ఈ రోగులు హెచ్చుగా నుండుట డి సాంట్ ఆగ్నీస్ అను వైద్యుని ఆలోచింపజేసెను; వారి చెమటలో ఉప్పు మితిమీరి యున్నదని ఆయన చేసిన పరిశోధనయే నేటి చెమట పరీక్షకు మూలము. 1989లో ఏడవ క్రోమోజోముపై దీనికి కారణమైన జన్యువు దొరకెను. ఆ జన్యువు కణముల అంచున లవణములోని క్లోరైడు రాకపోకలకు ద్వారము వంటి ప్రోటీనును నిర్మించును. ఆ ద్వారము చెడినచో శ్వాసనాళములలోని ద్రవము పలుచబడక, కఫము జిగురుగా చిక్కబడి, సహజముగా దానిని పైకి నెట్టవలసిన సూక్ష్మరోమములు అందు చిక్కుకొని కదలజాలకుండును. నిలిచిన కఫమున క్రిములు కాపురముండును. క్రిములవలన వాపు, వాపువలన నాళములకు హాని.

కావుననే కఫమును బయటికి తెచ్చుట ప్రాణప్రదమైన పని. పూర్వము బిడ్డను ఒడిలో తలక్రిందుగా పండుకొనబెట్టి వీపును రొమ్మును అరచేతితో తట్టెడివారు. తరువాత పిల్లలు తామే చేసికొనదగిన పద్ధతులు వచ్చినవి. వానిలో ముఖ్యమైనది, ఊపిరి విడుచునపుడు కొంత అడ్డు కల్పించు పరికరము. ఆ అడ్డువలన నాళములలో పది మొదలు ఇరువది సెంటీమీటర్ల నీటి ఎత్తునకు సమమైన ఒత్తిడి నిలిచి, మూసికొనిపోవు సన్నని నాళములను తెరచియుంచును. ప్రక్కదారుల గుండ గాలి కఫమునకు వెనుక చేరి దానిని ముందునకు త్రోయును. పది పదునైదు ఊపిరుల పిమ్మట, అద్దముపై ఆవిరి పట్టించునపుడు వలె గొంతు తెరచి ‘హా’ యని వదలి, దగ్గి, మరల మొదలిడవలయును.

ఈ ఊపిరికి ఆటను ముడిపెట్టిన తొలి ప్రయత్నములలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున పిల్లల నాడీవైద్యుడు పీటర్ బింగ్‌హామ్ చేసినది ఒకటి. శ్వాసను కొలుచు యంత్రమును కంప్యూటరుకు కలిపి, పిల్లవాని ఊపిరియే బొమ్మలను నడపునట్లు ఆయన బృందము ఆటలను రచించెను. మరింత ప్రఖ్యాతి పొందినది లండనులోని ఫిజియో పథకము. 2016లో బీబీసీ టెలివిజన్ కార్యక్రమమొకదాని కొరకు మైక్రోసాఫ్ట్ సంస్థలోని హైయాన్ జాంగ్ అను రూపకర్త, ఈ వ్యాధి గల ఇద్దరు అన్నదమ్ములకై, వారు నిత్యము వాడు శ్వాసపరికరమునకే తగిలించు చిన్న గ్రాహకమును నిర్మించెను. అది ఊపిరి ఒత్తిడిని గ్రహించి, తీగ లేకుండ కంప్యూటరునకు చేర్చును. ఊపిరి సాగినంతసేపు తెరపై బొమ్మ సాగును. తరువాత గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రియు, లండన్ యూనివర్సిటీ కాలేజీయు దీనిని చేపట్టి, విద్యార్థులచే ఆటలు వ్రాయించి, పిల్లల యిండ్లలో ఈ గ్రాహకమును ఉంచి 16 నెలల పాటు పరిశీలన సాగించెను.

నా దృష్టిలో ఇందలి గొప్పతనము వినోదముకంటెను మరియొక విషయమున గలదు. ఇంటిలో పిల్లలు ఎట్లు ఊపిరి విడుచుచుండిరో అంతవరకు వైద్యులకు తెలియుటకు వారి మాట దక్క వేరొక ఆధారము లేదు. ఇపుడు ప్రతి ఊపిరియు నమోదగును. గట్టిగా ఊదుటచే ఒత్తిడి మితిమీరినదా, తొందరచే ఊపిరి మధ్యలో తెగినదా, పదింటికి బదులు నాలుగే చేయబడినవా అనునది కంటికి కానవచ్చును. తన రొమ్ములో జరుగు పని తెరపై కనబడుటచే పిల్లవానికి ఆ పని తనదగును, ‘ఊదితివా?’ యని తల్లి పదేపదే అడుగవలసిన అగత్యము తగ్గును.

అయితే ఆటను రచించుట తేలిక కాదు. సామాన్యమైన ఆటలు వేగమునకును బలమునకును బహుమతి నిచ్చును. ఇచ్చట కావలసినది నిదానము. ఎక్కువ బలముతో ఊదినవాడు గెలుచునట్లు ఆటను కట్టినచో, పిల్లవాడు గెలుచును గాని చికిత్స ఓడును. ఎడతెగక ఊదినచో తల తిరుగును, కావున విశ్రాంతియు ఆటలో భాగము కావలయును. దగ్గు వచ్చినపుడు ఆట ఆగి వేచియుండవలయును. నీరసముగా నున్ననాడు ఓటమిచే అవమానింపరాదు. అన్నిటికంటె కష్టము, క్రొత్తదనము తరుగుట: ఎంత చక్కని ఆటయైనను కొన్ని వారములలో పాతబడును, చికిత్స మాత్రము జీవితాంతము సాగవలయును. అందుచేత ఒక్క ఆటను గాక, మారుచుండు ఆటల భాండాగారమును సమకూర్చవలసియున్నది. ఈ పిల్లలు ఒకరి క్రిములు మరియొకరికి సోకునను భయముచే ఒక్కచోట చేరి ఆడుకొనుటకు వీలులేనివారు; దూరమునుండియే కలిసి ఆడు ఆటలు వీరికి లభించవలెనని నేను హృదయపూర్వకముగా కోరుచున్నాను.

ఈ రోగము ఐరోపా సంతతివారికే వచ్చునను అభిప్రాయము చిరకాలము ప్రబలియుండుటచే, మన దేశమున అనేక శిశువుల రోగము క్షయ యనియో, ఉబ్బసమనియో, పోషకాహారలోపమనియో తప్పుగా నిర్ణయింపబడెను. ఎడతెగని దగ్గు, జిడ్డుగల విరేచనము, ఎంత తినినను పెరుగని బరువు, ముద్దాడినపుడు పెదవికి తగులు ఉప్పదనము, ఇవి కానవచ్చినచో చెమట పరీక్షను గూర్చి వైద్యుని అడుగుట మేలు. రోగమూలమునే సరిదిద్దు క్రొత్త మందులు 2019 నుండి పాశ్చాత్యదేశములలో ఎందరి జీవితములనో మార్చివేసినను, వాని వెల సామాన్యులకు అందునది కాదు. ఊపిరి సాధనయే అట్టి కుటుంబములకు ముఖ్యమైన అండ.

ఆ సాధనకు కంప్యూటరు లేకున్నను ఆట యుండవచ్చును. బ్రిటిష్ ఆసుపత్రులు చిన్నపిల్లలకు నేర్పు బుడగల పద్ధతి యిట్టిది: సీసాలో పది సెంటీమీటర్ల లోతు నీరు పోసి, కొంచెము సబ్బుద్రవము కలిపి, అడుగువరకు గొట్టమును దింపి, నిదానముగా ఊదినచో బుడగలు సీసా మూతినుండి పొంగివచ్చును, పిల్లలు వానిని పొంగించుటకే పోటీపడుదురు. నీటి లోతే ఒత్తిడిని నిర్ణయించును గనుక, ఎంత లోతు, ఎన్ని ఊపిరులు అనునవి ఫిజియోథెరపిస్టు చెప్పినట్లే యుండవలయును. పిల్లవాడు పీల్చుటకు ముందు గొట్టమును నోటినుండి తీయుట నేర్పవలయును. నిలువనీటిలో ఈ పిల్లలకు ప్రమాదకరమైన క్రిములు పెరుగును. కావున ఆట ముగిసిన వెంటనే నీటిని పారబోసి, సీసాను కడిగి, పూర్తిగా ఆరబెట్టవలయును.