పేరు మారినా తీపి మారని బేరి

బేరిపండు అనగానే మనకు గుర్తొచ్చేది కరకరలాడే గట్టి కాయ. పాశ్చాత్యులు మెచ్చుకునే బేరి వేరు. అది నోట్లో వేసుకుంటే వెన్నలా కరిగిపోతుంది. అటువంటి వాటిలో విలియమ్స్ బేరి పేరుమోసినది. దాని రుచి ఎంత గొప్పదో, ఆ పేరు వెనక కథ అంత విచిత్రమైనది!

ఇంగ్లండులోని బర్క్‌షైర్‌లో ఆల్డర్‌మాస్టన్ అనే చిన్న ఊరుంది. 1770 ప్రాంతంలో ఆ ఊరి బడిపంతులు జాన్ స్టెయిర్ గారి పుణ్యమా అని ఈ రకం వెలుగు చూసింది. దరిమిలా లండన్ దగ్గర టర్న్‌హామ్ గ్రీన్‌లో మొక్కల వ్యాపారం చేసే రిచర్డ్ విలియమ్స్ దీన్ని పెంచి నలుగురికీ అందించాడు. పండుకు ఆయన పేరే నిలిచింది. పంతులుగారు తెరమరుగైపోయారు.

కథ అంతటితో ఆగలేదు. 18వ శతాబ్ది చివర ఈ చెట్లు ఓడెక్కి అమెరికాలోని రాక్స్‌బరీ చేరాయి. 1817లో ఆ తోట ఇనాక్ బార్ట్‌లెట్ అనే ఆయన చేతికి వచ్చింది. అసలు పేరు తెలియక ఆయన తన పేరు మీదనే మొక్కలు పంచిపెట్టాడు. 1828లో యూరప్ నుంచి మళ్ళీ మొక్కలు వస్తేగాని రెండూ ఒకటేనని తేలలేదు. అప్పటికే కొత్తపేరు జనం నోట నాటుకుపోయింది. నేటికీ అమెరికాలో అది బార్ట్‌లెట్, ఇంగ్లండులో విలియమ్స్.

పండు గంట ఆకారంలో ఉంటుంది. తొక్క పలుచన. మాగేకొద్దీ ఆకుపచ్చ పోయి పసుపు రంగు తిరుగుతుంది. తెల్లని గుజ్జు, కారిపోయే రసం, కస్తూరి వంటి పరిమళం! చెట్టునే పండనిస్తే మాత్రం లోపలినుంచి మెత్తబడి పాడవుతుంది. అందుకే కాయ ముదరగానే కోసి, మన మామిడిలాగే ఇంట్లో మాగవేస్తారు. తొడిమ దగ్గర నొక్కితే మెత్తగా తగలాలి, అదే గుర్తు. నేను నాలుగు కాయలు తెచ్చి అరటిపళ్ళ పక్కన పెట్టి చూశాను. మూడోనాటికి ఇల్లంతా ఘుమఘుమ! అరటిపండు విడిచే ఎథిలీన్ వాయువు మహిమ అది.

గింజ నాటితే ఈ చెట్టుకు తల్లి గుణం రాదు, అంటు కట్టవలసిందే. అంటే ఈనాటి ప్రతి విలియమ్స్ చెట్టూ ఆ తొలిచెట్టు కొమ్మకు కొమ్మే. రెండున్నర శతాబ్దాలుగా ఎవరో ఒకరు అంటు కడుతూ వచ్చారు గనుకనే అది బతికింది.

మా తాతగారి పెరటి మామిడి నుంచి మా మేనత్త ఒక అంటుమొక్క అత్తవారి ఊరికి తీసుకెళ్ళింది. తరువాత తుపానుకు మా చెట్టు కూలిపోయింది. ఆ ఊళ్ళో చెట్టు ఇంకా కాస్తూనే ఉంది. మామయ్య కరణం కావడంతో అందరూ దాన్ని 'కరణంగారి మామిడి' అంటారు. తాతగారి మాట అక్కడెవరికీ తెలియదు. పోనీ, రుచి మిగిలింది!

మీ పెరట్లోనూ పేరులేని మంచి చెట్టు ఉంటే ఈ ఏడే అంటు కట్టించండి. నాటినవారి పేరు కూడా ఒక కాగితం మీద రాసి దాచండి.