జూలో పుట్టిన పిల్ల ఏ వంశానిది?

హైదరాబాద్‌లోని నెహ్రూ జూలాజికల్ పార్కులోనో, విశాఖపట్నంలోని ఇందిరాగాంధీ జూలాజికల్ పార్కులోనో పులి పిల్లలు పెట్టిందంటే పత్రికలు ఆ వార్తను ఫొటోలతో సహా ప్రచురిస్తాయి, సెలవు రోజుల్లో జనం పిల్లాపాపలతో బారులు తీరుతారు. ఆ సంతోషం సహజమైనదే. అయితే జూ నిర్వహణలో చేయి తిరిగిన పశువైద్యులు, జీవశాస్త్రవేత్తలు పుట్టిన పిల్లల సంఖ్య కంటే మరో మూడు విషయాలకు ఎక్కువ విలువనిస్తారు. ఆ పిల్లల తల్లిదండ్రులెవరు, ఆ రెండింటి మధ్య రక్తసంబంధం ఎంత దగ్గరిది, పెరిగాక వాటికి చోటు ఎక్కడ దొరుకుతుంది అన్నవే ఆ విషయాలు. వీటిని పట్టించుకోకుండా పుట్టించిన సంతానం ఆ జాతికి మేలు చేయకపోగా కొన్ని చోట్ల తరతరాల కీడును మిగిల్చింది.

ప్రతి జూలోనూ ఒక్కో జాతికి విడివిడిగా లెక్క ఉంటుంది. ఏడాది మొదట్లో ఎన్ని జంతువులున్నాయి, ఎన్ని పుట్టాయి, బయటి నుంచి ఎన్ని వచ్చాయి, ఎన్ని చనిపోయాయి, ఎన్నింటిని వేరే చోటికి పంపారు, మార్చి 31 నాటికి ఎన్ని మిగిలాయి అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. ఆ లెక్క రాసే పద్ధతికి ఒక ప్రత్యేకత ఉంది. ఒక జాతి ఎదుట 2.3.1 అని ఉంటే మగవి రెండు, ఆడవి మూడు, ఆడో మగో ఇంకా తేలని పిల్ల ఒకటి అని అర్థం. అప్పుడే పుట్టిన పిల్లను ముట్టుకుంటే తల్లి దాన్ని వదిలేసే ప్రమాదం ఉన్నందున, కీపర్లు దూరం నుంచి కెమెరాలో చూస్తూ, ఆ మూడో అంకెను కొన్ని వారాలపాటు అలాగే ఉంచుతారు.

వంశాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో తెల్లపులుల చరిత్ర చెబుతుంది. 1951లో పూర్వపు రీవా సంస్థానపు అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే తెల్ల మగపులిని మామూలు రంగు ఆడపులితో కలిపితే మామూలు రంగు పిల్లలే పుట్టాయి. ఆ తరువాత మోహన్‌ను దాని సొంత కూతురు రాధతోనే కలపగా 1958లో తెల్ల పిల్లలు పుట్టాయి. తెలుపు రంగునిచ్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ఆ రంగు పైకి కనిపిస్తుంది కాబట్టి, తెల్లపులులను పెంచాలనుకున్నవారు తండ్రీకూతుళ్లను, అన్నాచెల్లెళ్లను కలుపుతూ పోయారు. ఇలా దగ్గరి రక్తసంబంధీకుల మధ్య సంతానం కలగడాన్ని అంతఃప్రజననం అంటారు. మెల్లకన్ను తెలుపు రంగు జన్యువుతోనే ముడిపడి ఉండగా, అంతఃప్రజననం వల్ల వంకర వెన్నెముక, బలహీనమైన రోగనిరోధక శక్తి వంటి లోపాలు వాటి సంతతిలో పేరుకున్నాయి. తెల్లపులి అనేది ప్రత్యేక జాతి కాదు, అడవిలో అంతరించిపోతున్న ఉపజాతీ కాదు. రంగు మారిన బెంగాల్ పులి మాత్రమే. సందర్శకుల మోజు కోసం ఒక జంతువును ఇంతగా బలహీనపరచడం నిస్సందేహంగా తప్పే.

సింహాల విషయంలో మరో రకం నష్టం జరిగింది. అడవిలో గుజరాత్‌కే పరిమితమైన ఆసియా సింహం, ఆఫ్రికా సింహం ఒకదానితో ఒకటి కలిసి పిల్లలు పెట్టగలవు. చండీగఢ్ సమీపంలోని ఛత్‌బీర్ జూలో ఈ రెండింటినీ కలిపి పుట్టించిన సంకర సింహాలు క్రమంగా రోగాలపాలు కావడంతో, 2000 ప్రాంతంలో మగవాటికి శస్త్రచికిత్స చేసి సంతానం కలగకుండా ఆపవలసి వచ్చింది. పులులు, సింహాలు, ఎలుగుబంట్ల వంటి వాటిని ప్రదర్శనల్లో వాడరాదన్న కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వును 2001లో సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత, సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాలు విశాఖపట్నం, తిరుపతి జూల పునరావాస కేంద్రాలకు చేరాయి. వాటిలో చాలా వాటి వంశం కలగాపులగమైనదే. అందుకే వాటిని జోడీ కట్టనివ్వకుండా, ఆయువు ఉన్నంతకాలం పోషించడమే ఆ కేంద్రాలు పెట్టుకున్న నియమం.

ఇటువంటి నష్టాలను నివారించే సాధనమే స్టడ్‌బుక్, అంటే ఒక జాతికి చెందిన ప్రతి జంతువుకూ సంఖ్య ఇచ్చి, దాని తల్లిదండ్రులను, పుట్టిన చోటును, మారిన జూలను నమోదు చేసే వంశావళి గ్రంథం. అడవి జంతువుల్లో మొదటిసారిగా 1932లో యూరప్ అడవిదున్న కోసం దీన్ని ప్రారంభించారు. అప్పటికి అడవుల్లో పూర్తిగా అంతరించి, జూలలో మాత్రమే మిగిలిన ఆ జాతిలో నేడు ఉన్నవన్నీ 12 మూలజీవుల సంతతే. మూలజీవి అంటే అడవి నుంచి వచ్చి, జూలోని సంతతికి మూలమైన జంతువు. ఆ కొద్దిపాటి జన్యుసంపదలో ఏ శాఖా తెగిపోకుండా చూడాలంటే, ఇప్పటికే సంతానం ఎక్కువగా ఉన్న జంతువుకు విరామమిచ్చి, బంధువులు తక్కువగా ఉన్న జంతువుకు జోడీని వెతకాలి. ఆ జోడీ ఒక్కోసారి వెయ్యి కిలోమీటర్ల దూరంలోని జూలో ఉంటుంది.

జంతువుల బదిలీలు జరిగేది ప్రధానంగా ఇందుకే. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ మేరకు 1992లో ఏర్పడిన కేంద్ర జూ అథారిటీ ముందస్తు అనుమతి లేకుండా, చట్టం రక్షించే జంతువులను ఒక జూ మరో జూకు ఇవ్వడానికి గాని, తీసుకోవడానికి గాని వీల్లేదు. అనుమతి వచ్చాక అసలు పని మొదలవుతుంది. ప్రయాణపు బోనును ఎన్‌క్లోజరుకు ఆనించి, రోజూ అందులోనే మేత గాని మాంసం గాని పెడుతూ, జంతువు తనంతట తాను లోపలికి వెళ్లి బెరుకు లేకుండా తినేదాకా కీపరు ఓపిక పడతాడు. తొందరపడి తరిమితే జింకలు, దుప్పులు భయంతో పరుగులు తీసి, కండరాలు దెబ్బతిని, గంటల్లోనో రోజుల్లోనో చనిపోవచ్చు. ఎండలకు భయపడి ప్రయాణాన్ని రాత్రివేళకు పెట్టుకుంటారు. పశువైద్యుడు, ఆ జంతువుకు చేరికైన కీపరు వెంట వెళ్తారు. కొత్త చోటికి చేరిన జంతువు వెంటనే సందర్శకుల ముందుకు రాదు. ఇతర జంతువులకు దూరంగా క్వారంటైనులో ఉంచి, పేడను పరీక్షించి, నులిపురుగుల మందులిచ్చి, కొత్త నీటికీ తిండికీ అలవాటు పడిందని తేలాకే బయటికి వదులుతారు. ఈ జాగ్రత్త ఎంత అవసరమో 2021 మేలో నెహ్రూ జూలోని 8 ఆసియా సింహాలకు కరోనా సోకినట్లు తేలినప్పుడు దేశమంతటికీ తెలిసివచ్చింది. అవి కోలుకున్నాయి.

కానుకలుగా వచ్చే జంతువులు వంశాన్ని నిలబెట్టే ఈ ప్రణాళికకు సాధారణంగా ఉపయోగపడవు. సౌదీ రాజకుటుంబం నుంచి నెహ్రూ జూకు వచ్చిన చీతాల జంటలో ఆడది 2020లోను, మగది 2023లోను చనిపోవడంతో అక్కడ చీతాల కథ ముగిసింది. విడిగా వచ్చిన ఒక్క జంట ఎంత అపురూపమైనదైనా సంతతిని నిలబెట్టలేదు. ఏ జాతికి ఎటువంటి గుంపు కావాలన్నది కూడా జాతిని బట్టి మారుతుంది. విశాఖ జూ చాలాకాలంగా పెంచుతున్న రేచుకుక్కలనే తీసుకుంటే, గుంపులోని పెద్దవన్నీ తాము తిన్న మాంసాన్ని కక్కి కూనలకు పెడతాయి కాబట్టి, వాటికి జంట మాత్రమే చాలదు, కుటుంబం కావాలి.

సంఖ్యను, వంశాన్ని, అడవిని ఒక్క దారిలో కలిపిన ప్రయత్నంగా మూషిక జింకల కార్యక్రమాన్ని చెప్పుకోవాలి. రెండు నుంచి నాలుగు కిలోల బరువుండే ఈ చిన్న ప్రాణికి కొమ్ములు ఉండవు. మగదానికి పైదవడ నుంచి సన్నని కోరలు దిగి ఉంటాయి. 2010లో నెహ్రూ జూ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీకి చెందిన అత్తాపూర్‌లోని లాకోన్స్ ప్రయోగశాల కలిసి, కేంద్ర జూ అథారిటీ సాయంతో, 6 జంతువులతో దీన్ని ప్రారంభించాయి. రక్తం తీయడానికి పట్టుకుంటే బెదిరి ప్రాణం మీదికి తెచ్చుకునే జంతువు కావడంతో, శాస్త్రవేత్తలు దాని పెంటికలను సేకరించి, వాటిలోని హార్మోన్ల పాళ్లను బట్టి చూడి కట్టిందో లేదో తెలుసుకునే పద్ధతిని ఆశ్రయించారు. అయిదు నెలలకు పైగా గర్భం మోసే ఈ జింక, ప్రసవించిన కొద్ది గంటల్లోనే మళ్లీ మగదానితో కలవడానికి సిద్ధమవుతుందన్న సంగతి ఈ పరిశీలనల్లోనే స్పష్టమైంది. అంటే మగదాన్ని ఎప్పుడు దగ్గర ఉంచాలో, ఎప్పుడు వేరు చేయాలో కీపరుకు ముందే తెలిసిపోయింది. సంఖ్య వందలకు చేరిన తరువాత, 2017లో మొదటి విడతగా 8 మూషిక జింకలను నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, ఫరహాబాద్ వద్ద వదిలారు. అడవిలో విత్తనాలు, రాలిన పండ్లు వెతుక్కోవడం, రేచుకుక్క వాసన పసిగట్టి పొదల్లో నక్కడం జూలో పుట్టినవాటికి అలవాటు లేని పనులు. అందువల్ల వాటిని ముందు అడవిలోనే కంచె వేసిన ఆవరణలో కొంతకాలం ఉంచి, ఆ తరువాతే బయటికి వదిలే విధానాన్ని అనుసరించారు.