మేడమీద నాటకం, కింద పబ్

లండన్‌లో మిత్రులు నలుగురు కలిసి ఒక సాయంత్రం గడపాలంటే పబ్ థియేటర్‌ను మించిన చోటు అరుదు. పేటలోని మామూలు పబ్బులో వెనక గదినో మేడమీది గదినో నాటకశాలగా మార్చుకుంటారు. చాలావాటిలో యాభై అరవై మందికే చోటు, కాస్త పెద్దవైతే వందమందికి. ముందు వరసలో కూర్చున్నవారికి చేయి చాచితే అందేంత దగ్గరలో నటులు నిలబడతారు. నటుడు గొంతు తగ్గించి అన్న మాట కూడా ఆఖరి వరసకు వినపడుతుంది. పెద్ద హాళ్లు ఎంత ఖర్చుపెట్టినా ఇవ్వలేనిది ఈ దగ్గరితనమే.

మద్యశాలకూ నాటకానికీ ఇంగ్లండులో చుట్టరికం పాతది. 16వ శతాబ్దంలో లండన్ నాటక బృందాలు బుల్, బెల్, క్రాస్ కీస్ వంటి సత్రాల్లో ఆడేవి. మన మండువా లోగిలిలాగే మధ్యలో ఖాళీ స్థలం, చుట్టూ వసారాలు ఉన్న సత్రాలు నాటకానికి అనువుగా ఉండేవి. 1576లో జేమ్స్ బర్బేజ్ షోర్‌డిచ్‌లో 'ది థియేటర్' పేరుతో ప్రత్యేకంగా నాటకశాల కట్టాక ఆట క్రమంగా సత్రాన్ని వదిలింది. అలాంటి వసారాలున్న సత్రం లండన్‌లో ఇప్పుడు ఒక్కటే మిగిలింది, సదర్క్‌లోని జార్జ్ ఇన్. 1676 అగ్నిప్రమాదం తర్వాత తిరిగి కట్టిన ఆ భవనంలో నేటికీ పబ్ నడుస్తోంది.

నాటకం మళ్లీ పబ్బుకు చేరింది 1970లో. ఇస్లింగ్టన్‌లోని కింగ్స్ హెడ్ పబ్ వెనక గదిలో డాన్ క్రాఫర్డ్ నాటకాలు మొదలుపెట్టాడు. రెండేళ్ల ముందు, 1968లో, ప్రదర్శనకు ముందే నాటకాన్ని ప్రభుత్వాధికారికి చూపించి అనుమతి పొందాలన్న 1737 నాటి చట్టబద్ధ నిబంధన రద్దయింది. కొత్తగా, ధైర్యంగా రాసేవారికి అప్పుడు కావలసింది చిన్న గది. 1972లో షెపర్డ్స్ బుష్‌లో బుష్ థియేటర్, 1979లో ఓల్డ్ రెడ్ లయన్, 1980లో ఫిన్‌బరో వచ్చాయి. హాస్య నటీమణులు విక్టోరియా వుడ్, జూలీ వాల్టర్స్ జంటగా ఎదగడానికి దారితీసిన 1978 నాటి ప్రదర్శన బుష్‌లోనే జరిగింది.

లెక్క తేలికైనదే. ఖాళీగా ఉండే గది నాటకం వాళ్లకు దొరుకుతుంది, నాటకానికి వచ్చినవాళ్లు ముందూ వెనకా తాగడంతో పబ్బుకు బేరం పెరుగుతుంది. అయితే ఇంత తక్కువ సీట్ల మీద వచ్చే టికెట్ డబ్బు అందరికీ సరిపోదు. నటులు చాలీచాలని ప్రతిఫలానికి పనిచేయడం ఈ రంగంలో మామూలైపోయింది. ప్రేక్షకుడు చవకగా చూస్తున్న నాటకంలో కొంత భాగం వాళ్ల కష్టమే భరిస్తోందని మరవకూడదు.

సాయంత్రం నడిచే తీరు చూస్తే, మిత్రులు నాటకానికి అరగంట ముందే కింద కలుసుకుంటారు. పబ్బులో సాధారణంగా బల్ల దగ్గరికి ఎవరూ రారు. కౌంటర్ దగ్గరికే వెళ్లి అడిగి, అక్కడికక్కడే డబ్బు కట్టాలి. ఎవరిది వారు కొనుక్కోరు. ఒకరు అందరికీ తెస్తే తర్వాతి వంతు మరొకరిది. దీన్నే 'రౌండ్' అంటారు. బీరు కొలత పింట్, అంటే 568 మిల్లీలీటర్లు. మద్యం ముట్టనివారు నిమ్మరసం సోడా తీసుకున్నా రౌండులో వాళ్లకూ సమాన స్థానమే. తన వంతు ఎగ్గొట్టడాన్ని మాత్రం మిత్రులు మరచిపోరు. చాలాచోట్ల గ్లాసు పట్టుకునే నాటకంలోకి వెళ్లవచ్చు.

అసలు సంగతి నాటకం అయ్యాక మొదలవుతుంది. చూసినది ఇంకా పచ్చిగా ఉండగానే వాదన సాగుతుంది. ఒకరికి నచ్చిన ముగింపు మరొకరికి మింగుడుపడదు. కాసేపటికి నటులూ బట్టలు మార్చుకుని అదే పబ్బులోకి వస్తారు. మొహమాటం లేకుండా పలకరిస్తే నాటకం గురించి ఆడినవారి నోటనే వినవచ్చు. పబ్ మూసేముందు ఆఖరి ఆర్డర్ల కోసం గంట మోగిస్తారు. 2005 నవంబరులో కొత్త లైసెన్సు చట్టం అమలయ్యేదాకా చాలా పబ్బులకు రాత్రి 11 గంటలే గడువు.

కొన్ని సంస్థలు పాత గదులు దాటి వెళ్లాయి. బుష్ 2011లో దగ్గర్లోని పాత గ్రంథాలయ భవనానికి మారింది. కింగ్స్ హెడ్ 2024లో పబ్బుకు ఆనుకునే కొత్త నాటకశాల తెరిచింది. మేడమీది గదులకు చాలాచోట్ల లిఫ్ట్ ఉండదు, ఇరుకు మెట్లు ఎక్కలేనివారికి ఆ నాటకం అందదు. ఆ లెక్కన మార్పు న్యాయమైనదే. పబ్బును వదలకుండానే చోటు పెంచుకున్న కింగ్స్ హెడ్ పద్ధతి రెండు అవసరాలనూ తీర్చింది.