బలహీనపడిన గుండెకు భారము తగ్గించు జంట ఔషధము

నాలుగడుగులు నడచిన ఆయాసము, వెల్లకిల పండుకొనిన ఊపిరి ఆడకపోవుట, కాళ్ళ వాపు - ఈ లక్షణములు గలవారు ప్రతి గ్రామమునందును కనిపింతురు. 'ఒంటికి నీరు పట్టినది, వయసు మీరినది' అని ఇంటివారు సరిపెట్టుకొనుచుందురు. ఇది అనేకులయందు హృదయ వైఫల్యము అను వ్యాధి కావచ్చును. హృదయ వైఫల్యమనగా గుండె ఆగిపోవుట కాదు. శరీరమునకు కావలసినంత రక్తమును అది పంపలేకపోవుట. దీనికి వాడు మందులలో ఒక జంటను గూర్చి ఇచ్చట వివరింపదలచితిమి.

అరిగిన మోటారునకు సన్నని గొట్టము తగిలించినచో అది శ్రమపడి వేడెక్కును. వెడల్పు గొట్టము తగిలించిన యెడల అదే మోటారు తేలికగా నీరు తోడును. గుండె విషయమును ఇట్టిదే. హైడ్రలజీన్ అను మందు ధమనులను సడలించును. అందుచే గుండె రక్తమును సులభముగా బయటికి నెట్టగలదు. ఐసోసార్బైడ్ డైనైట్రేట్ ముఖ్యముగా సిరలను వెడల్పు చేయును. అందుచే గుండెలోనికి ఒక్కసారిగా వచ్చు రక్తపు ఒత్తిడి తగ్గును. ఒకటి ముందరి బరువును, రెండవది వెనుకటి బరువును దించునన్నమాట.

ఈ జంట వలన రోగుల ఆయుర్దాయము పెరుగునని అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులయందు 642 మంది పురుషులపై జరిపిన పరిశోధన 1986లో సూచించినది. 1991లో వెలువడిన మరియొక పరిశోధనలో ఎనలాప్రిల్ అను మందు ఇంతకంటె మేలని తేలినది. పిమ్మట 1,050 మంది నల్లజాతి రోగులకు, వారు వాడుచున్న ఇతర మందులకు తోడుగా, ఈ జంటను గాని ఉత్తుత్తి మాత్రను గాని ఇచ్చి చూచిరి. 2004లో ప్రకటించిన ఫలితముల ప్రకారము ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో నూటికి సుమారు 10 మంది, జంట ఔషధము వాడినవారిలో సుమారు 6 మంది మరణించిరి. 2005 జూన్‌లో అమెరికా ప్రభుత్వము 'బైడిల్' అను పేర ఒకే మాత్రగా దీనిని నల్లజాతివారికి అనుమతించినది. మందును జాతినిబట్టి నిర్ణయించుట తగునా యని అచ్చట పెద్ద చర్చ జరిగినది. మూత్రపిండముల దోషము మొదలగు కారణములచే ఎనలాప్రిల్ వంటి మందులు సరిపడని ఇతర రోగులకును వైద్యులు ఈ జంటను ఇచ్చుచున్నారు. మన దేశమునందును ఈ రెండు మందులు వాడుకలో నున్నవి.

ఇందలి చిక్కు ఒక్కటే. సాధారణముగా దీనిని దినమునకు మూడు పర్యాయములు వేసికొనవలెను. కూలికి పోవువారు మధ్యాహ్నపు మాత్రను మరచుచుందురు. మొదటి దినములలో తలనొప్పి, తలతిరుగుట కలుగవచ్చును. అంతటితో కొందరు మందు మానివేయుదురు. మరికొందరు ఆయాసము తగ్గగనే వ్యాధి నయమైనదని తలంతురు. తగ్గినది బాధయే గాని వ్యాధి కాదు. తలనొప్పి వచ్చినచో వైద్యునికి చెప్పి మోతాదు మార్పించుకొనవలెనే గాని మాత్రలను తమంతట తాము మానరాదు. పురుషత్వ లోపమునకు వాడు సిల్డెనాఫిల్ వంటి మాత్రలను దీనితో ఎన్నడును కలుపరాదు. రక్తపోటు ప్రమాదకరముగా పడిపోవును.

పంచాయతీ సభ్యులు తమ వార్డులలో ఇట్టి రోగులెవరో తెలిసికొని, ఆశా కార్యకర్త ద్వారా వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. రెండు మూడు దినములలో బరువు 2 కిలోలు పెరిగినను, వాపు హెచ్చినను ఆలస్యము చేయక వైద్యునికి చూపింపవలెను. పొలము పనికి పోవువారు మధ్యాహ్నపు మాత్రను అన్నపు క్యారియరుతో పాటు కట్టుకొనిపోవునట్లు ఇంటివారికి చెప్పవలెను. ఒరుల సాయము లేని వృద్ధులకు మాత్ర వేళ గుర్తుచేయు పొరుగువారొకరు ఉన్నను చాలును. ఈ పనికి నిధులు అక్కరలేదు; శ్రద్ధ యొక్కటే కావలెను.