ముంగిట్లో మెరిసిన టెన్నిస్!

మూడేళ్ళంటే మూడేళ్ళే జరిగిందా టోర్నీ. నాలుగో ఏటికి ఊరు మారిపోయింది. అయితేనేం... ఆ మూడేళ్ళలోనే ఓ హైదరాబాదీ అమ్మాయి తొలిరౌండు ఓటమి నుంచి టైటిల్ దాకా నడిచింది. మన మహిళల టెన్నిస్‌ను మలుపు తిప్పిన 'హైదరాబాద్ ఓపెన్' కథ ఇది.

సిద్దిపేటలో పొద్దున్నే బస్సెక్కితే రెండు రెండున్నర గంటల్లో జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగొచ్చు. అక్కణ్నుంచి సిటీ బస్సు పట్టుకుంటే లాల్ బహదూర్ స్టేడియం. అంటే, ఇంట్లో టిఫిన్ చేసి బయల్దేరి, ప్రపంచ ర్యాంకింగ్స్‌లో ఉన్న క్రీడాకారిణుల ఆట కళ్ళారా చూసి, రాత్రి భోజనానికి మళ్ళీ ఇల్లు చేరుకోవచ్చన్నమాట. టెన్నిస్ అంటే టీవీలో కనిపించే వింబుల్డన్ పచ్చికే అనుకునే రోజుల్లో అది చిన్న సంగతా! 2003 నుంచి 2005 దాకా ఏటా ఓ వారం పాటు తెలుగువాళ్ళకు ఆ భాగ్యం దక్కింది.

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ పేరుతో జరిగిన ఆ టోర్నీ పూర్తిపేరు 'ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్'. మహిళల టెన్నిస్ సంఘం- డబ్ల్యూటీఏ- క్యాలెండర్‌లో అది నాలుగో అంచె పోటీ. ప్రైజ్‌మనీ లక్షా 40 వేల డాలర్లు. గ్రాండ్‌స్లామ్‌ల ముందు చీమంత. కానీ ఆ చిన్నతనమే దాని గొప్పతనమైంది.

గెలిచినవాళ్ళందరికీ తొలిసారే!

ఈ టోర్నీ విజేతల జాబితా చూస్తే ఓ తమాషా కనిపిస్తుంది. 2003లో గెలిచిన థాయ్‌లాండ్ క్రీడాకారిణి తమరిన్ తనసుగర్న్‌కు అదే మొదటి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్. 2004లో ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్ గెలిచింది. అప్పటికామెకు ముప్ఫై ఏళ్ళు. కెరీర్ మొత్తమ్మీద ఆమె గెలిచిన సింగిల్స్ టైటిల్ అదొక్కటే. 2005లో సానియా మీర్జాకూ అదే తొలి సింగిల్స్ టైటిల్!

ఇది కాకతాళీయం అనిపించొచ్చు. కానీ చిన్న టోర్నీల పనే అది. పెద్ద పోటీల్లో అగ్రశ్రేణి వాళ్ళు అడ్డుగోడల్లా నిలబడతారు. ఇలాంటిచోట వాళ్ళు అంతగా కనిపించరు. ఏళ్ళ తరబడి కష్టపడుతున్నవాళ్ళకూ, ఇంకా మీసాలు రాని కుర్రాళ్ళలా ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న అమ్మాయిలకూ తలుపు కాస్త తెరుచుకుంటుంది.

ఆ కార్డు ఎవరిస్తారు?

ప్రొఫెషనల్ టెన్నిస్‌లో ర్యాంకు ఉంటేనే టోర్నీలో చోటు. టోర్నీల్లో ఆడితేనే ర్యాంకు. మరి కొత్తవాళ్ళు ఎలా మొదలుపెట్టాలి? కింది స్థాయి పోటీలు ఒక దారి. రెండో దారి వైల్డ్‌కార్డు. ర్యాంకుతో పనిలేకుండా కొందరికి చోటిచ్చే అధికారం నిర్వాహకులకు ఉంటుంది. సహజంగానే వాళ్ళు ఆ అవకాశాన్ని సొంతవాళ్ళకే ఇస్తారు. పారిస్‌లో ఫ్రెంచ్ అమ్మాయికి, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా అమ్మాయికి. ఇంట్లో టోర్నీ లేని దేశపు ఆడపిల్లకు మాత్రం ఆ కార్డు ఇచ్చే దిక్కుండదు.

2003లో హైదరాబాద్‌కు టోర్నీ వచ్చింది కాబట్టే పదహారేళ్ళ సానియాకు వైల్డ్‌కార్డు దొరికింది. డబ్ల్యూటీఏ టూర్‌లో అదే ఆమె అరంగేట్రం. తొలిరౌండులోనే రష్యాకు చెందిన యెవ్‌గేనియా కులికోవ్‌స్కాయా చేతిలో ఓడిపోయింది. 2004లో మళ్ళీ వైల్డ్‌కార్డు. మళ్ళీ తొలిరౌండులోనే ఓటమి. కానీ ఈసారి తేడా ఉంది. ఎదురుగా ఉన్నది ఆ ఏడాది టైటిల్ గెలవబోయే నికోల్ ప్రాట్. ఆమెను సానియా మూడో సెట్ దాకా లాగింది. అంతేకాదు, అదే వారం దక్షిణాఫ్రికాకు చెందిన లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ టైటిల్ పట్టేసింది.

రెండుసార్లు మొదటి మెట్టుమీదే జారిపడిన పిల్లను మూడోసారి పిలిచేదెవరు? సొంతూరు కాక!

ఆ శనివారం...

2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండు దాకా వెళ్ళి, సెరెనా విలియమ్స్ చేతిలో ఓడి ఇంటికొచ్చింది సానియా. మరికొద్ది రోజులకే హైదరాబాద్ ఓపెన్. ఈసారి తొలిరౌండు దగ్గర ఆగలేదు. ఫిబ్రవరి 12, శనివారం. ఫైనల్లో ప్రత్యర్థి ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండారెంకో. మొదటి సెట్ 6-4తో సానియాది. రెండోది 7-5తో బొండారెంకోది. నిర్ణాయక సెట్‌ను సానియా 6-3తో ముగించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొట్టమొదటి భారతీయురాలు... అదీ సొంతగడ్డ మీద!

ఆ తర్వాత జరిగింది అందరికీ గుర్తే. మరుసటి నెలలో దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాను ఓడించింది. అదే ఏడు యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు చేరింది. 2004 చివర్లో 206గా ఉన్న ర్యాంకు 2005 చివరికి 31 అయింది. ముక్కుపుడకతో రాకెట్ పట్టిన ఆ ముఖం ఇంటింటికీ పరిచయమైంది. మోకాలు, మణికట్టు గాయాలతో తర్వాతి కాలంలో సింగిల్స్ వదిలేసి డబుల్స్‌కే పరిమితమై, 2015లో ప్రపంచ నంబర్‌వన్ అయింది. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచింది. అయినా డబ్ల్యూటీఏ సింగిల్స్‌లో ఆమెకున్న ఏకైక టైటిల్ హైదరాబాద్‌దే. 2023 మార్చి 5న వీడ్కోలు మ్యాచ్ ఆడటానికి ఎంచుకున్నదీ ఆ లాల్ బహదూర్ స్టేడియాన్నే.

ఊరు మారిన ఆట

2006లో పోటీ బెంగళూరుకు వెళ్ళిపోయింది. 2008లో అక్కడ సెరెనా విలియమ్స్ టైటిల్ గెలిచింది. కోల్‌కతాలో 2005 నుంచి మూడేళ్ళు ఇంకో టోర్నీ జరిగింది. 2006లో మార్టినా హింగిస్ విజేత. ఆ తర్వాత అవీ ఆగిపోయాయి. 2022లో చెన్నైలో డబ్ల్యూటీఏ 250 టోర్నీ జరిగేదాకా ఆ స్థాయి పోటీ మన దేశం ముఖం చూడలేదు. అదీ ఏటా నిలవలేదు, మళ్ళీ జరిగింది 2025లోనే.

టోర్నీ లేకపోతే పోయేదేముందీ అనిపించొచ్చు. పోయేది అమ్మాయిల దారి. ర్యాంకింగ్ పాయింట్ల కోసం విదేశాలు తిరగాలంటే విమానం టిక్కెట్లు, హోటళ్ళు, కోచ్ ఖర్చు... తొలిరౌండులో ఓడితే వచ్చే డబ్బు దారి ఖర్చులకే చాలదు. అందుకే చాలామంది ఇళ్ళల్లో, ఇంటర్ దాటగానే రాకెట్ అటకెక్కుతుంది. అయినా మన పిల్లలు పట్టు వదల్లేదు. 2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్ ఆడిన భారత జట్టులో శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి ఇద్దరూ తెలుగమ్మాయిలే.

సిద్దిపేటలో సాయంత్రం పూట గోడకేసి బంతి కొట్టే చిన్నారికి ముందు కావాల్సింది గ్రాండ్‌స్లామ్ కాదు. దగ్గర్లో ఓ కోర్టు, నేర్పే మనిషి, బస్సులో వెళ్ళి ఆడి రాగలిగే ఓ పోటీ. ఆపైన, రెండుసార్లు ఓడినా మూడోసారి రమ్మని పిలిచే ఓ ఊరు. సానియాకు అవన్నీ ఇంటి దగ్గరే దొరికాయి. తర్వాతి పిల్లకు దొరికితే, మళ్ళీ పొద్దున్నే బస్సెక్కడానికి మన కుటుంబాలు సిద్ధమే!

మూడేళ్ళ ముచ్చట

2003: తమరిన్ తనసుగర్న్ (థాయ్‌లాండ్). ఫైనల్లో ఓడింది ఉజ్బెకిస్థాన్‌కు చెందిన ఇరోదా తుల్యగనోవా.

2004: నికోల్ ప్రాట్ (ఆస్ట్రేలియా). రన్నరప్ మరియా కిరిలెంకో. మూడేళ్ళ తర్వాత కోల్‌కతాలో టైటిల్ కొట్టి ఆ లోటు తీర్చుకుంది.

2005: సానియా మీర్జా (భారత్). రన్నరప్ అల్యోనా బొండారెంకో.