నెక్సానా, బ్రెజ్జానా? కొత్తగూడ నుంచి మా కాక అడిగిన ప్రశ్న

ఈరోజు ఎపిసోడ్‌కి టాపిక్ నేను ఎంచుకోలేదు, మా కాక ఇచ్చిండు. పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "అరే బిడ్డా, నువ్వు ఊరందరికీ కార్ల గురించి చెప్తవు కదా, మరి నాకేది కొనాలెనో చెప్పు. నెక్సానా, బ్రెజ్జానా?" అన్నడు.

కాక ఉండేది మహబూబాబాద్ జిల్లా కొత్తగూడలో. మా చిన్నమ్మకి వారానికి రెండుసార్లు డయాలసిస్. పాకాల అడవి దారిలో నర్సంపేట, అక్కడి నుంచి వరంగల్. పోను రాను సుమారు 150 కిలోమీటర్లు. ఇన్నాళ్లూ కిరాయి బండి. ఇప్పుడు పత్తి డబ్బులు కొంచెం, లోన్ కొంచెం వేసి సొంత కారు కొందామని చూస్తున్నడు. అంటే ఇది సరదా కోసం కొనే కారు కాదు. తప్పు చెప్తే ఏడేళ్లు ఆ ఈఎంఐ కట్టేది కాక. అందుకే తొందరపడి జవాబు చెప్పకుండా కూర్చొని లెక్క వేసిన. అదే మీకూ చూపిస్తా.

ముందు పన్ను సంగతి. రెండు బండ్లూ 3,995 మిల్లీమీటర్ల పొడవే, అంటే రెండూ నాలుగు మీటర్లలోపే. కానీ చిన్న కారు పన్ను రావాలంటే పొడవు ఒక్కటే సరిపోదు. పెట్రోల్ ఇంజిన్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకూడదు. నెక్సాన్ పెట్రోల్ 1199 సీసీ, డీజిల్ 1497 సీసీ. బ్రెజ్జా పెట్రోల్ 1462 సీసీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీలో నెక్సాన్‌కి 18 శాతం, బ్రెజ్జాకి 40 శాతం పడుతుంది.

ఉదాహరణకి పన్ను లేకుండా 8 లక్షల బండి అనుకోండి. 18 శాతం వేస్తే 9 లక్షల 44 వేలు. 40 శాతం వేస్తే 11 లక్షల 20 వేలు. షోరూమ్‌లో రెండు బండ్ల రేటు దగ్గరదగ్గరగా కనిపించినా, బ్రెజ్జాకి మీరిచ్చే డబ్బులో ప్రభుత్వానికి పోయే వాటా ఎక్కువ. ఇంకోటి, తెలంగాణలో షోరూమ్ ధర 10 లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శాతం కూడా పెరుగుతుంది. సన్‌రూఫ్ కోసం ఒక వేరియంట్ పైకి పోయే ముందు ఆన్‌రోడ్ రేటు రాయించుకొని చూడండి.

ఇక ఇంజిన్. బ్రెజ్జాది నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, సుమారు 103 పీఎస్ పవర్, సుమారు 137 ఎన్ఎం టార్క్. స్మూత్‌గా ఉంటుంది, తలనొప్పులు తక్కువ. నెక్సాన్ పెట్రోల్‌ది మూడు సిలిండర్లు, టర్బో ఉంది, 120 పీఎస్, 170 ఎన్ఎం. టార్క్ అంటే సింపుల్‌గా చెప్పాలంటే లాగే బలం. ఐదుగురు కూర్చొని, డిక్కీలో సామాను పెట్టుకొని ఓవర్‌టేక్ చేసేటప్పుడు మనకి కావాల్సింది అదే. నెక్సాన్ డీజిల్‌లో ఇది 260 ఎన్ఎం. బ్రెజ్జాలో డీజిల్ లేదు, సీఎన్‌జీ ఉంది. కానీ సీఎన్‌జీ తీసుకుంటే డిక్కీలో సగం జాగా సిలిండరే తింటుంది, పైగా మీరు రోజూ పోయే దారిలోనే బంకు ఉండాలి.

ఇప్పుడు కాక లెక్క. వారానికి 300 కిలోమీటర్లంటే ఏడాదికి సుమారు 15,000. కంపెనీ చెప్పే మైలేజీ పక్కన పెట్టి, కొంచెం తగ్గించే వేసుకుందాం: బ్రెజ్జా పెట్రోల్ 15, నెక్సాన్ పెట్రోల్ 14, నెక్సాన్ డీజిల్ 19. పెట్రోల్ 108, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. బ్రెజ్జాకి ఏడాదికి 1,08,000. నెక్సాన్ పెట్రోల్‌కి దాదాపు 1,16,000. డీజిల్‌కి దాదాపు 76,000. పెట్రోల్ నెక్సాన్ కన్నా డీజిల్ లక్షన్నర ఎక్కువ పడిందనుకున్నా, ఏడాదికి 40 వేలు మిగిలితే నాలుగేళ్లలోపే ఆ డబ్బు వాపసు వస్తుంది.

ఆగండి, ఇది విని అందరూ డీజిల్ బుక్ చేయొద్దు. ఈ తప్పు నేనే ఒకసారి చేయించిన. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒక ఫ్రెండ్‌కి డీజిల్ కారు కొనమని సలహా ఇచ్చిన. వాడి ఇల్లు ఆఫీసుకి 5 కిలోమీటర్లు. ఇప్పటి డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. బండి కొంచెం దూరం, ఒక స్పీడ్‌లో నడిస్తేనే అందులో మసి కాలిపోతుంది. వాడిది సిటీ ట్రాఫిక్, చిన్న దూరం. వార్నింగ్ లైట్ వస్తూనే ఉండేది, సర్వీసింగ్‌కి తిరుగుతూనే ఉండేవాడు. నన్ను ఇప్పటికీ తిడతడు. కాకది అట్ల కాదు, ఒక్కో ట్రిప్పు 70 కిలోమీటర్ల పైనే, కాబట్టి డీజిల్ నప్పుతుంది. ఏడాదికి ఏడెనిమిది వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు మాత్రం పెట్రోల్ తీసుకోండి.

సేఫ్టీ. 2018 డిసెంబర్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు తెచ్చుకున్న మొదటి మేడ్ ఇన్ ఇండియా కారు నెక్సాన్. 2024లో భారత్ ఎన్‌క్యాప్‌లో కూడా 5 వచ్చినయి. 2018లో 4 స్టార్లు వచ్చింది పాత విటారా బ్రెజ్జాకి. 2022లో వచ్చిన బ్రెజ్జాకి ఆ స్టార్లు లెక్కలోకి రావు. ఇప్పుడు రెండింట్లో బేస్ మోడల్ నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులున్నయి. వెనక కూర్చున్నవాళ్లు బెల్ట్ పెట్టుకోకపోతే ఏ స్టార్లూ కాపాడవు, అది వేరే మాట.

గ్రౌండ్ క్లియరెన్స్ నెక్సాన్‌కి 208, బ్రెజ్జాకి 198 మిల్లీమీటర్లు. గుంతలకి రెండూ ఓకే. కానీ దయచేసి ఇది వినండి. గ్రౌండ్ క్లియరెన్స్ ఉంది కదా అని వాగు దాటకండి. 2024 సెప్టెంబర్ 1న మన జిల్లాలోనే, మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి రెండు ప్రాణాలు పోయినయి. కారు ఎంత బరువున్నా నీళ్లు పైకి లేపుతయి, పక్కకి నెడతయి. టైరుకి పట్టు పోయిందంటే స్టీరింగ్ పని చెయ్యదు. వానకాలం వాగు పొంగితే మా చిన్నమ్మ డయాలసిస్ కూడా ఆగాల్సిందే, లేదా ముందు రోజే వరంగల్ చేరుకోవాలి. ఎస్‌యూవీ అని పేరున్నంత మాత్రాన అది పడవ కాదు.

మరి బ్రెజ్జా ఎవరికి? తక్కువ తిరిగేవాళ్లకి, సిటీలో ఆటోమేటిక్ స్మూత్‌గా కావాలనుకునేవాళ్లకి, నాలుగైదేళ్లకి అమ్ముదామనుకునేవాళ్లకి. మారుతి సర్వీస్ ఎక్కువ చోట్ల దొరుకుతుంది, రీసేల్ బాగుంటుంది. ఇవి చిన్న విషయాలు కావు.

కాకకి నేను చెప్పింది నెక్సాన్ డీజిల్, కింది వేరియంట్. కానీ రెండు షరతులు పెట్టిన. ఒకటి, మీకు దగ్గరున్న సర్వీస్ సెంటర్‌కి నువ్వే పోయి, అక్కడ బయట నిలబడ్డ ఓనర్లు ముగ్గురితో మాట్లాడు. రెండు, టెస్ట్ డ్రైవ్‌కి చిన్నమ్మని తీసుకపో. స్టీరింగ్ నువ్వు పట్టుకుంటవు గానీ, డయాలసిస్ అయ్యాక నీరసంగా వెనక సీట్లో రెండు గంటలు కూర్చునేది ఆమె. ఎక్కడానికి, దిగడానికి కాలు అందుతుందా, నడుము నొస్తుందా అనేది ఏ స్పెసిఫికేషన్ షీట్‌లోనూ రాయరు.

కాక నవ్వి, "గిదొక్కటి ముందే చెప్తే అయిపోవు కదరా" అన్నడు. మీరు కూడా ఇంట్లో ఎక్కువసేపు కార్లో కూర్చునే మనిషి ఎవరో ముందు చూడండి. మీ లెక్క, మీ దారి కామెంట్‌లో రాయండి, చూసి నాకు తోచింది చెప్తా. మళ్లీ కలుద్దాం.