ఎర్ర గోలీ, మొదటి నెల

గోదావరిఖని కార్మిక వాడల్లో ఆశ కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర గోలీకి రక్తం పట్టే మందనే పేరు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్‌ వెంట 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. మలం నల్లగా వస్తోందని గోలీ మానేసేవాళ్లు ఐరన్‌తో పాటు దీన్నీ వదులుకున్నట్టే.

ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలేట్‌ అనే బి విటమిన్‌కు మనిషి తయారుచేసిన రూపం ఫోలిక్ యాసిడ్. తోటకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే ఫోలేట్ చాలావరకు వాటితోనే పోతుంది. ఇది చాలకపోతే ఎర్ర రక్తకణాలు ఉబ్బి, పనికిరాకుండా పోతాయి. ఈ రక్తహీనతను బొంబాయి గర్భిణుల్లో గమనించిన లూసీ విల్స్, ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1931లో చూపింది. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. తర్వాత ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడే మందైంది.

అన్నిటికన్నా గట్టి రుజువు బిడ్డ వెన్నెముక విషయంలో దొరికింది. అంతకుముందు వెన్నెముక సరిగా మూసుకోని లోపంతో బిడ్డను కన్న తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే, అది మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధకులు ప్రకటించారు. చిక్కల్లా సమయంతోనే. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి గర్భం నిలిచిన సంగతి కూడా చాలామందికి తెలియదు. అందుకే గర్భానికి కనీసం నెల ముందు నుంచే, మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు వాడమంటారు. ఎర్ర గోలీ మొదలయ్యేది నాలుగో నెలలో. రక్తానికి అది సరైన వేళే, వెన్నెముకకు మాత్రం ఆలస్యం.

ఫోలిక్ యాసిడ్‌పై మిగతా ఆశలు అంత నిలవలేదు. గుండెపోటును ఆపుతుందన్న నమ్మకం పెద్ద పరీక్షల్లో వీగిపోయింది. చైనాలో 20,702 మంది బీపీ రోగులపై జరిపిన పరీక్షలో మొదటి పక్షవాతం బీపీ మందు ఒక్కటే వాడినవారిలో 3.4 శాతం మందికి వస్తే, దాంతో ఫోలిక్ యాసిడ్ కలిపి వాడినవారిలో 2.7 శాతం మందికే వచ్చింది. అక్కడి పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపరు కాబట్టి ఆ ఫలితాన్ని అన్ని దేశాలకూ వర్తింపజేయలేం. ఒక జాగ్రత్త కూడా ఉంది: బి12 లోపమున్న మనిషికి ఒక్క ఫోలిక్ యాసిడే ఇస్తే రక్తం మెరుగై, నరాల నష్టం చాటున సాగిపోవచ్చు.

బడికెళ్లే కౌమార వయసు పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలి గోలీలోనూ ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములే ఉంటుంది. వారానికోసారి గోలీ మింగే స్త్రీలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది 2,800 మైక్రోగ్రాములు.